లినక్స్ కంప్యూటరులో శబ్దం తెప్పించడం – నా అనుభవం

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత సుబేదారు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో పెద్దలు సర్వీసు అనుభవాలు చెబుతారు, పింఛను గురించి చెబుతారు, షుగరు, బీపీ గురించి డాక్టరు గారు చెబుతారు. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "సాబ్, మీరు కంప్యూటరు గురించి చెప్పండి" అన్నారు. నేను ఇంజనీరును కాను. ఇంటర్మీడియట్ పాసై ఫౌజులో చేరాను. జబల్‌పూర్‌లో ట్రైనింగు, ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు సిగ్నల్స్‌లో పని. తీగలు లాగడం, ఫోన్లు కలపడం, లైను పోతే వెతికి పట్టుకోవడం, ఇదే నా విద్య. ఆ విద్య కంప్యూటరు దగ్గర ఎలా పనికొచ్చిందో, పనికి రాకముందు నేను ఎంత తప్పు చేశానో, రెండూ దాచకుండా చెబుతాను.

ముందు కంప్యూటరు సంగతి. మన సంఘం గదిలో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది, అందరికీ తెలుసు. ఆదివారం పిల్లల తెలుగు క్లాసుకు, మిగతా రోజుల్లో పింఛను కాగితాలకు వాడుకుంటున్నాం. అందులో విండోస్ 10 ఉండేది. 2025 అక్టోబరు 14తో దానికి మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే, మన మిషను పాతది, అర్హత లేదు అంది. మిషను మాత్రం గట్టిగానే ఉంది. పారేయడానికి మనసు రాలేదు. అప్పుడు మా పక్కింటి కుర్రాడు, డిప్లొమా చదువుతున్నాడు, "తాతా, లినక్స్ వేద్దాం, డబ్బు కట్టక్కర్లేదు" అన్నాడు. పెన్ డ్రైవులో లినక్స్ మింట్ 22 తెచ్చి ఒక సాయంత్రం కూర్చుని వేసేశాడు. తెలుగు అక్షరాలు చక్కగా వచ్చాయి. ప్రింటరు పని చేసింది. నెట్ వచ్చింది. ఒక్కటే రాలేదు. శబ్దం. పిల్లలకు పద్యం వినిపిద్దామని నొక్కితే కంప్యూటరు మూగదైపోయింది.

ఇక్కడ ఇంకో సంగతి కలిసింది. ఆ కుర్రాడి నానమ్మ, నేను అక్క అని పిలుస్తాను, మా బత్తు బస్తీలో పాతికేళ్లుగా మా ఇరుగుపొరుగు. ఆమె భర్త మన ఫౌజు మనిషే. నాయక్‌గా పని చేసి, బయటికొచ్చాక ఇక్కడ ఉద్యోగం దొరికి సంసారంతో పోర్ట్ బ్లెయిర్ వచ్చేశాడు. ఆయన కాలం చేసి చాలా ఏళ్లయింది. అక్క ఒకరోజు బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. లోపల ఒక ఆడియో కేసెట్.

"తమ్ముడూ, ఇది మీ బావగారి గొంతు. నాకు చెవులు మందగిస్తున్నాయి. పూర్తిగా పోకముందే ఒక్కసారి వినిపించు" అంది.

ఆ కేసెట్ కథ ఏమిటంటే, 1981లో ఆయన ఉత్తరాన సరిహద్దులో ఉన్నాడు. అక్క టెక్కలి దగ్గర పల్లెలో అత్తవారింట్లో ఉంది. పెద్దపిల్ల పుట్టి మూడు నెలలు. అక్కకు చదువు రాదు. ఉత్తరం రాస్తే మామగారో, పోస్టుమానో చదివి వినిపించాలి. భార్యకు చెప్పుకునే మాట మామగారి నోట వినాల్సి వస్తుంది. మనలో చాలామంది ఇళ్లల్లో ఆ రోజుల్లో ఇదే కదా! అందుకని ఆయన తోటి జవాను దగ్గర టేప్‌రికార్డరు అడిగి, తన మాటలు కేసెట్‌లో చెప్పి, సెలవు మీద వస్తున్న వాడి చేతికిచ్చి పంపించాడు. బాగానే ఆలోచించాడు. కానీ ఊళ్లో టేప్‌రికార్డరు ఒక్కటే ఇంట్లో ఉంది. అది తెచ్చి అరుగు మీద పెట్టేసరికి వీధి వీధంతా వచ్చి కూర్చుంది. మామగారు ముందు వరసలో కూర్చున్నారు. కొంతసేపు విన్నాక, బావగారు ఇక సొంత మాటలు మొదలుపెట్టబోతున్నాడని అక్కకు అర్థమై, పాప ఏడుస్తోందన్న వంకతో లేచి బొత్తాం నొక్కేసింది. తర్వాత ఎప్పుడో ఒకసారి ఒంటరిగా విన్నానని చెప్పింది. అంతే.

ఇంట్లో పిల్లలు ఒకసారి సెల్‌ఫోనులో రికార్డు చేయబోయారు. పాత టేప్‌రికార్డరు స్పీకరు దగ్గర ఫోను పెట్టారు. ఫ్యాను హోరు, బయట కుక్కల అరుపు, టేపు గరగర, అన్నీ పడ్డాయి. మాట మాత్రం తెలియలేదు. సరిగా ఎత్తాలంటే వాక్‌మన్‌లోంచి వైరు తీసి కంప్యూటరు వెనుక ఉండే నీలం రంగు లైన్-ఇన్ సాకెట్టులో పెట్టాలి. ఆ సాకెట్టు సౌండ్ కార్డుది. సౌండ్ కార్డేమో మూగనోము పట్టింది. ఈ దీవుల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు వానే. కేసెట్ అంచున తెల్లగా బూజు కనబడుతోంది. అటు అక్క చెవులు, ఇటు బూజు. రెండూ మనకోసం ఆగేవి కావు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

డ్రైవరు అన్న మాట వినగానే నాకు ఎం.టి. సెక్షన్‌లో బండి తోలేవాడు గుర్తొచ్చాడు. నవ్వకండి. తర్వాత తెలుసుకున్నాను, కంప్యూటరులో డ్రైవరు అంటే మన జె.సి.ఓ. లాంటివాడు. ఆఫీసరు హుకుం ఇస్తాడు. జవాను పని చేస్తాడు. ఇద్దరి భాష వేరు, అలవాట్లు వేరు. మధ్యలో సుబేదారు ఉండి ఆఫీసరు మాట జవానుకు అర్థమయ్యేలా, జవాను కష్టం ఆఫీసరుకు తెలిసేలా చెబుతాడు. లినక్స్‌లో కెర్నల్ అని ఉంటుంది, అది కమాండింగ్ ఆఫీసరు అనుకోండి. సౌండ్ కార్డు జవాను. మధ్యనున్న సుబేదారే డ్రైవరు. సుబేదారు డ్యూటీలో లేకపోతే ఇటు హుకుం ఉంటుంది, అటు జవాను ఉంటాడు, పని మాత్రం జరగదు.

విండోస్ రోజుల్లో మనకో అలవాటు. మదర్‌బోర్డుతో పాటు ఒక డ్రైవర్ సి.డి. వచ్చేది. శబ్దం రాకపోతే ఆ సి.డి. వెతకడమే. లినక్స్‌లో కూడా అలాగే డ్రైవరు ఎక్కడినుంచో తేవాలి అనుకున్నాను. ఎవరో ఎప్పుడో ప్రింటు తీసి పెట్టుకున్న పాత కాగితాలు దొరికాయి. అందులో, డ్రైవరు మూలం దింపుకుని సొంతంగా కట్టుకోవాలి, దానికి ముందు లోపలున్న డ్రైవరును ఆపాలి అని రాసి ఉంది. ఒక రాత్రి గదిలో ఒక్కణ్ణే కూర్చుని అందులో ఉన్నట్టే టైపు చేశాను. కట్టడం కుదరలేదు. ఎర్రర్ల మీద ఎర్రర్లు వచ్చాయి. విసుగొచ్చి, ఇంకేవేవో బొత్తాలు నొక్కి, కంప్యూటరు ఆపి ఇంటికెళ్లిపోయాను. ఏమేం చేశానో ఎక్కడా రాసుకోలేదు. ముప్ఫై ఏళ్లు లాగ్ బుక్కు రాసినవాణ్ణి, ఆ రాత్రి ఒక్క ముక్క రాయలేదు.

తర్వాత మూడు వారాలు ఏం చేశానంటే, తిట్టాను. కంప్యూటరు పాతదన్నాను. లినక్స్ మనకు సరిపడదన్నాను. పాపం ఆ కుర్రాణ్ణి, "నువ్వే సరిగా వెయ్యలేదురా" అన్నాను. వాడు పెద్దవాణ్ణని ఊరుకున్నాడు.

నిజానికి ఆ పాత కాగితాల్లోని పద్ధతి ఈనాటిది కాదు. లినక్స్‌ను 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. శబ్దం కోసం మొదట్లో ఓ.ఎస్.ఎస్. అనే ఏర్పాటు ఉండేది, దాన్ని చేసిన హన్ను సవోలైనెన్ కూడా ఆ దేశం వాడే. 1998లో చెక్ దేశస్థుడు యరోస్లావ్ కైసెలా తన దగ్గరున్న గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు బాగా పని చేయాలని కొత్త డ్రైవరు రాయడం మొదలుపెట్టాడు. అదే పెరిగి ఆల్సా అయింది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్‌తో ఆల్సా లినక్స్‌లో అంతర్భాగం అయిపోయింది. ఆ మరుసటేడు, 2004లో, ఇంటెల్ కంపెనీ హెచ్.డి. ఆడియో అనే ప్రమాణం తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన చాలా కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీదే ఉండే సౌండు దాని ప్రకారమే ఉంటుంది. దాని డ్రైవరు పేరు ఎస్.ఎన్.డి. – హెచ్.డి.ఎ. – ఇంటెల్. అది కెర్నల్‌తో పాటే వస్తుంది. విడిగా తేనక్కర్లేదు, కొనక్కర్లేదు.

దీవుల్లో ఉన్న మనకు ఇది ఎంత మేలో ఆలోచించండి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు ప్రారంభమయ్యేదాకా మన నెట్ అంతా ఉపగ్రహం దయ. మబ్బు పడితే అదీ లేదు. ఆ రోజుల్లో ఒక పెద్ద ఫైలు దింపడానికి రాత్రంతా పెట్టి పడుకునేవాళ్లం. డ్రైవరు ఇంట్లోనే ఉందంటే ఊరికే వెతుక్కోవడం తప్పినట్టే కదా. ఇంట్లో ఉన్న సుబేదారును నేనే బయటికి పంపి, ఊరంతా వెతికాను.

సరే, ఎలా బయటపడ్డాను? ఒకరోజు అక్క మా గుమ్మంలో నిలబడి, "ఏం తమ్ముడూ, అయిందా?" అంది. నేను జవాబు చెప్పాను. ఆమెకు వినపడలేదు. మళ్లీ గట్టిగా చెప్పాను. అప్పుడు కూడా సగమే వినపడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కంప్యూటరును కాక, పాత లైన్ పార్టీ పనిని తల్చుకున్నాను.

ఫీల్డ్ టెలిఫోను లైను పోతే మనం ఏం చేసేవాళ్లం? లైను మొత్తం పీకి కొత్తది వేసేవాళ్లమా? లేదు. ఇక్కడినుంచి మొదటి టెస్ట్ పాయింటు దాకా చూసేవాళ్లం. అక్కడ ఫోను కలిపి, హలో, హలో. అది బాగుంటే తర్వాతి పాయింటు. ఎక్కడ మాట ఆగిందో అక్కడే తెగింది. ఏ పాయింటు ఏ టైముకు చూశామో లాగ్‌లో రాయాలి. అది రాయకపోతే తర్వాత వచ్చే పార్టీ మళ్లీ మొదటినుంచి నడవాలి. మరునాడు పొద్దున్నే ఒక నోటుబుక్కు కొన్నాను. తేదీ, టైము వేశాను. కుర్రాణ్ణి పిలిచాను. ఇద్దరం మొదటినుంచి నడిచాం.

మొదటి పాయింటు: కార్డు ఉందా లేదా? టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్, పి, సి, ఐ అని అయిదు అక్షరాలు, జాగా వదిలి, అడ్డగీత, కె కొట్టాం. అక్షరాలు బోర్డు మీద రాశాను, చూసుకోండి. ఇది కంప్యూటరులో ఉన్న పరికరాలకు రోల్ కాల్ లాంటిది. మా మిషనులో ఆడియో అని రెండు వరుసలు కనబడ్డాయి. ఒకటి మానిటరుకు వెళ్లే హెచ్.డి.ఎం.ఐ. శబ్దానిది. రెండోది వెనుక సాకెట్లది. అంటే జవాన్లు ఇద్దరూ హాజరు. ఈ వరుసలే కనబడకపోతే బయోస్ సెట్టింగుల్లో ఆడియో ఆపి ఉందేమో చూడాలి, లేదా కార్డు పోయి ఉండాలి.

రెండో పాయింటు: డ్రైవరు డ్యూటీలో ఉన్నాడా? అదే తెర మీద ప్రతి పరికరం కింద రెండు మాటలు ఉండాలి. ఒకటి, ఈ పరికరానికి సరిపడే డ్రైవరు ఫలానా అని. రెండోది, ఇప్పుడు వాడుకలో ఉన్న డ్రైవరు ఫలానా అని. మాకు మొదటి మాట ఉంది, రెండో మాట లేదు. సుబేదారు పేరు నామినల్ రోల్‌లో ఉంది, మనిషి డ్యూటీలో లేడు. సౌండు సెట్టింగుల్లో కూడా నిజమైన కార్డు పేరు లేకుండా డమ్మీ అవుట్‌పుట్ అని మాత్రమే ఉంది. చూశారా, మూడు వారాలుగా ఆ తెర మీద జవాబు రాసే ఉంది. నేను చదవలేదు.

అప్పుడు సుడో మోడ్‌ప్రోబ్ అనే ఆజ్ఞతో, డ్రైవరు పేరు చెప్పి పిలిచాం. వెంటనే వచ్చేశాడు! డమ్మీ పోయి కార్డు పేర్లు వచ్చాయి. కుర్రాడు ఎగిరి గంతేశాడు. నేను ఆగమన్నాను. మిషను ఆపి మళ్లీ ఆన్ చేయించాను. మళ్లీ డమ్మీయే. పేరు పెట్టి పిలిస్తే వస్తున్నాడు, తనంత తాను రావడం లేదు. అంటే ఎవరో గేటు దగ్గర ఆపుతున్నారన్న మాట.

మూడో పాయింటు: ఆపుతున్నదెవరు? లినక్స్‌లో మోడ్‌ప్రోబ్ డాట్ డి అని ఒక ఫోల్డరు ఉంటుంది. ఏ డ్రైవరును తనంత తాను రానివ్వకూడదో అక్కడి ఫైళ్లలో బ్లాక్‌లిస్ట్ అని రాస్తారు. వెతికితే ఒక చిన్న ఫైలు బయటపడింది. లోపల ఒకే వరుస, బ్లాక్‌లిస్ట్, పక్కన మన డ్రైవరు పేరు. ఫైలు మీద తేదీ, టైము ఉన్నాయి. మూడు వారాల కిందటి రాత్రి తొమ్మిదిన్నర. ఆ టైముకు గదిలో ఉన్నది నేనొక్కణ్ణే. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ అక్కడితో ముగిసింది.

కుర్రాడు నా ముఖం కేసి చూసి, ఏమీ అనలేదు. నేనే అన్నాను, "ఒరే, తప్పు నాది. నిన్ను అన్నందుకు ఏమీ అనుకోకు" అని. సుబేదారుకు ఈ మాట అనడం ఎంత కష్టమో ఇక్కడున్న సుబేదార్లందరికీ తెలుసు. ఆ వరుస తీసేశాం. బూటు సమయంలో వాడే కట్టలో కూడా పాతది మిగలకుండా అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఆజ్ఞ ఇచ్చాం. మళ్లీ ఆన్ చేస్తే డ్రైవరు తనంత తానే డ్యూటీకి వచ్చి నిలబడ్డాడు. నోటుబుక్కులో రాశాను.

ఇంకా శబ్దం రాలేదు.

నాలుగో పాయింటు: శబ్దం ఎటు పోతోంది? సౌండు సెట్టింగుల్లో చూస్తే హెచ్.డి.ఎం.ఐ. అని ఉంది. మన మానిటరుకు స్పీకర్లే లేవు. శబ్దమంతా స్పీకర్లు లేని మానిటరుకు పోతోంది. అనలాగ్ అని మార్చాం. మొదటి రోజు అసలు జబ్బు ఇదొక్కటే. ఒక్క నొక్కుతో పోయే జబ్బుకు నేను పెద్ద వైద్యం చేసి ఇంకో జబ్బు తెచ్చిపెట్టాను.

అయిదో పాయింటు: నోరు మూసి ఉందా? ఆల్సామిక్సర్ అని టైపు చేస్తే నిలువు గడులు వస్తాయి. ఎఫ్-6 నొక్కి అసలు కార్డును ఎంచుకోవాలి. గడి కింద రెండు సున్నాలు ఉంటే తెరిచి ఉన్నట్టు. ఎం, ఎం అని ఉంటే మూసినట్టు. ఫ్రంట్ అనే గడి కింద ఎం, ఎం. ఇది కూడా ఆ రాత్రి విసుగులో నేను నొక్కిందే అయి ఉంటుంది. ఎం బొత్తాం నొక్కాం. తెరుచుకుంది.

పచ్చ సాకెట్టులో పెట్టిన స్పీకర్లలోంచి గలగలమని పాట వచ్చింది. పక్క గదిలో క్యారమ్స్ ఆడుతున్నవాళ్లు కూడా లేచి వచ్చారు. సిగ్నల్స్ వాడి నోట అలవాటుగా ఒకటే మాట వచ్చింది, "లౌడ్ అండ్ క్లియర్" అని.

ఆరో పాయింటు ఇంకా ఉంది. శబ్దం బయటికి రావడం వేరు, లోపలికి తీసుకోవడం వేరు. ఆల్సామిక్సర్‌లోనే ఎఫ్-4 నొక్కితే రికార్డింగు వైపు వస్తుంది. ఇన్‌పుట్ సోర్స్ దగ్గర మైకు అని ఉంటే బాణం గుర్తుతో లైన్ అని మార్చాలి. స్పేస్ బారు నొక్కితే క్యాప్చర్ అని ఎర్రగా పడుతుంది. వాక్‌మన్ వాల్యూం సగంలో ఉంచి, ముందు పది సెకన్లు రికార్డు చేసి విన్నాం. అసలు కేసెట్‌తో కాదు, బజారులో కొన్న పాత సినిమా పాటల కేసెట్‌తో. అక్క కేసెట్ ఒక్కసారి తెగితే మళ్లీ లేదు. దాని మీద ప్రయోగాలు చేయకూడదు.

ఇక్కడ కేసెట్ గురించి కూడా రెండు మాటలు. లోపల టేపును హెడ్డుకు నొక్కి పట్టే చిన్న ఫెల్టు ముక్క ఉంటుంది. అక్క కేసెట్‌లో అది ఊడిపోయింది. అందుకే మాట గుసగుసలాగా వచ్చేది. ఆ కేసెట్ అదృష్టవశాత్తు మరలతో బిగించింది. పాటల కేసెట్ కూడా మరలదే చూసి, రెండూ విప్పి, అక్క టేపు చుట్టలను ఆ మంచి పెట్టెలోకి మార్చాం. వాక్‌మన్ హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదితో తుడిచాం. టేపు అంచున పైకి కనిపించే బూజును పొడి మెత్తని కుంచెతో, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట తుడిచాం. చేతికి వాచీ తీసేసి కూర్చున్నాను. అంత భయం వేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కను తీసుకొచ్చాం. రికార్డింగు మొదలుపెట్టాం. నిమిషానికి పది మెగాబైట్లకు పైగా పడుతుంది, అయినా ఎం.పి.3 చేయకుండా ముందు వేవ్ ఫైలుగానే ఉంచాం. అసలు ఒకటి చెక్కు చెదరకుండా ఉంటే నకళ్లు ఎన్నయినా తీసుకోవచ్చు. మొదటి నిమిషాలు అందరం విన్నాం. గొంతు వచ్చింది. నలభై నాలుగేళ్ల కిందటి గొంతు. పాపకు జ్వరం తగ్గిందా అని అడిగాడు. దూడను అమ్మొద్దన్నాడు. ఇంటి మీద తాటాకు మార్పించడానికి డబ్బు పంపానన్నాడు. ముసలాయన పేరు చెప్పి చుట్టలు మానమన్నాడు. అక్క మనవడు తాత గొంతు వినడం అదే మొదటిసారి. వాడు తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత గొంతు తగ్గింది. అక్క తలెత్తి నా వైపు చూసింది. నాకు అర్థమైంది, 1981లో ఆమె బొత్తాం నొక్కింది ఇక్కడే. నేను స్పీకర్ల వైరు పీకి, హెడ్‌ఫోను ఆమె చెవులకు పెట్టి, వాల్యూం పెంచి, కుర్రాణ్ణి వరండాలోకి పంపించాను. రికార్డింగు ఆగకుండా చూడాలి కాబట్టి నేను తెర ముందు ఉన్నాను. మాట వినలేదు. గీతలు పైకీ కిందికీ కదలడం మాత్రం చూశాను. పదకొండు నిమిషాలు. ఆ తర్వాత గీత సమంగా అయిపోయింది. టేపు అవతలి వైపు ఖాళీ.

అక్క హెడ్‌ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది. కాసేపయ్యాక, "అంతా తెలిసింది తమ్ముడూ. ఒక్క మాట కూడా పోలేదు" అంది. ఇంకేమీ అడగలేదు, చెప్పలేదు. ఫైలును రెండు ముక్కలు చేశాం. మొదటి ముక్క పిల్లలందరికీ పంచాం. రెండో ముక్క ఒక పెన్ డ్రైవులో వేసి ఆమె చేతికిచ్చాం. కంప్యూటరులోంచి ఆమె ముందే తుడిచేశాం.

మన సభ్యులొకరు ఈ కథ విని, "సాబ్, బయట పెట్టుకునే యు.ఎస్.బి. సౌండ్ కార్డు కొంటే ఈ గోలంతా ఉండేది కాదు కదా" అన్నారు. నిజమే. సాకెట్టు పాడైపోయిన వాళ్లకు అదే దారి. వాటిలో చాలావరకు ఒకే డ్రైవరుతో పని చేస్తాయి, దాని పేరు ఎస్.ఎన్.డి. – యు.ఎస్.బి. – ఆడియో, అదీ కెర్నల్‌లోనే ఉంటుంది. ఒకటి చూసుకోండి, చిన్న రకాల్లో మైకు దారి మాత్రమే ఉంటుంది, లైన్-ఇన్ ఉండదు. అయితే నేను అది కొని ఉంటే, నేను రాసిన బ్లాక్‌లిస్ట్ అలాగే ఉండేది, నేను ఆ కుర్రాణ్ణి అన్న మాటా అలాగే ఉండేది. కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నవాళ్లకు ఇంకో మాట. వాటిలో కొన్నింటికి డ్రైవరుతో పాటు ఫర్మ్‌వేర్ అనే ఫైలు కూడా కావాలి. డిమెసేజ్ అనే ఆజ్ఞ ఇస్తే, ఫలానా ఫైలు దొరకలేదని మిషనే చెబుతుంది. ఆ ఒక్క ప్యాకేజీ మాత్రం దింపుకుంటే చాలు.

ఇంత చెప్పింది కంప్యూటరు కోసం కాదు. ఏ పని చేసినా, మార్చే ముందు చదవండి. మార్చాక రాసుకోండి. ఒకసారి ఒక్కటే మార్చండి. పని కాకపోతే, ఎదుటివాణ్ణి అనే ముందు నిన్న మనం ఏం చేశామో చూసుకోండి. ఫౌజులో ఇదంతా మనకు నేర్పారు. యూనిఫారం విప్పాక కొంచెం మర్చిపోయామంతే.

చివరిగా ఒక విన్నపం. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాష అని రాయించినవాళ్లు సుమారు 50 వేల మంది. బజారులో హిందీ, బళ్లో ఇంగ్లీషు, మన పిల్లలకు ఇంట్లో వినే తెలుగే తెలుగు. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది, మన నోట ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే వస్తుంది. పేర్లు కాగితాల మీద ఉంటాయి. గొంతులు ఉండవు. మీ ఇళ్లల్లో బిస్కెట్ల డబ్బాల్లో, ట్రంకు పెట్టెల అడుగున కేసెట్లు ఉంటే ఈ వానల ముందే బయటికి తీయండి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నేనూ, ఆ కుర్రాడూ సంఘం గదిలో ఉంటాం. సౌండు పని చేస్తోంది. లాగ్ బుక్కు బల్ల మీదే ఉంది. వినకూడని మాటలు ఉంటే చెప్పండి, మేం వరండాలో కూర్చుంటాం.

జై హింద్.